గుమ్మం తొక్కనివ్వనన్న మాట

ఆదివారం, మధ్యాహ్నం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాస్తున్నది. మేమిక్కడ ఉన్నాం. క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు గనక ఉన్నామని మాత్రమే రాస్తున్నాను. నువ్వూ మరదలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ భుజం నొప్పి తగ్గిందా? గోల్ ముందు ఎడమవైపు దూకేటప్పుడు ఇంకా మోచెయ్యే ముందు ఆనిస్తున్నావు. చిన్నప్పటి నుంచి మొత్తుకుంటున్నాను, వింటేగా.

నువ్వు ఫోన్ తియ్యడం లేదు. జనం తిట్లు పంపుతున్నారని ఫోన్ కట్టేశావని పేపర్లో చదివాను. ఆ లెక్కన అక్క నోరు కూడా కట్టేశావన్నమాట. అందుకే ఈ ఉత్తరం క్లబ్బు ఆఫీసుకు పంపుతున్నాను. నేనే బయల్దేరి రావచ్చుగా అంటావేమో, ఇల్లు వదిలి రాలేను.

ముందుగా ఒకటి చెబుతాను. ఏడు రంగుల పట్టీ ఉన్న చొక్కా తొడుక్కోనన్నందుకు నాకు నీ మీద కోపం లేదు. మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళకీ, ఆడవాళ్ళను ప్రేమించే ఆడవాళ్ళకీ తోడున్నామని చాటడానికి ఆటగాళ్ళందరూ అది వేసుకోవాలన్నారు క్లబ్బువాళ్ళు. నా విశ్వాసం ఒప్పుకోదు, కావాలంటే బయట కూర్చుంటానన్నావు, కూర్చున్నావు. నీకు ప్రార్థనలు నేర్పింది నేనే. మోకాళ్ళ మీదే కునుకు తీస్తుంటే నెత్తిన మొట్టి మరీ నేర్పాను. ఆ మొట్టికాయలు ఇంత గట్టిగా పనిచేస్తాయని అప్పుడు అనుకోలేదు. మనసొప్పని పని మనిషి మెడలు వంచి చేయించడం నాకూ గిట్టదు. లాండ్రీలో నాతో కలిసి దుప్పట్లు మడతపెట్టే ఆవిడకు దేవుడి పేరెత్తితేనే ఒళ్ళు మంట. నేను గొణుక్కుంటూ ప్రార్థన చేసుకుంటాను, ఆవిడ చెవులు మూసుకున్నట్టు నటిస్తుంది. అయినా అంచుకు అంచు కలిపి రోజూ ఇద్దరం మడతపెడుతూనే వచ్చాం.

నీ గొడవ ముదిరాక, స్టేడియం గేటు దగ్గర ఒక అమ్మాయి ముఖానికి స్కార్ఫు కట్టుకుని అట్ట పట్టుకుని నిలబడింది కదా. అతని మనసు అతనిది, ఆడనివ్వండి అని దాని మీద రాసుంది. నిన్ను తిట్టడానికి వచ్చిన గుంపులోంచి ఎవడో సీసా విసిరితే నుదురు చిట్లింది. రక్తం కారుతున్నా అట్ట దించలేదని ఛానెళ్ళన్నీ చూపించాయి. ఆ అమ్మాయి మన బుడంకాయ. నీ మేనకోడలు. కుట్లు వేయించి ఇంటికి తీసుకొచ్చింది నేనే. మామయ్యకు చెప్పొద్దమ్మా, చుట్టరికం కొద్దీ వచ్చిందంటారు, ఆ మాటకు విలువ పోతుందని నా చేత ఒట్టు వేయించుకుంది.

ఆ గుంపులో దాని స్నేహితులూ ఉన్నారు. మాలో ఒకదానివై ఉండి వాడి తరఫున ఎలా నిలబడ్డావే అని ముఖం మీదే కడిగేసి, మాట్లాడటం మానేశారు. ఎందుకలా అడిగారో ఇక రాయక తప్పదు. తమ్ముడూ, ఆ ఏడు రంగుల పట్టీ మన బుడంకాయలాంటి వాళ్ళ కోసమే. అది నాకు చెప్పి చాలా నెలలైంది. విని ఏడ్చాను. దేవుణ్ణి నిలదీశాను. దాన్నీ నాలుగు దులిపాను. ఆ తర్వాత పిలిచి భోజనం పెట్టాను, ఏం చెయ్యను, కన్నదాన్ని. ఇప్పటికీ పొద్దున్నే మోకాళ్ళ మీద నిలబడతాను, అదీ నా పక్కనే నిలబడేది. మామయ్యకు నేనే మెల్లగా చెబుతాను, కాస్త ఓపిక పట్టవే అన్నాను.

ఈలోగా నువ్వు టీవీలో కూర్చున్నావు. లాండ్రీ గోడ మీది టీవీలో నేను చూశాను, ఇంట్లో అది చూసింది. ఆ అట్ట పట్టుకున్న అమ్మాయి ఎవరో గానీ దేవుడే పంపినట్టు వచ్చింది, సొంత మనిషైనా అంత చెయ్యదన్నావు. నా గుండె పొంగిపోయింది. అది నా కూతురే అని అందరికీ వినబడేలా అరవబోయాను. అంతలో ఆ ప్రశ్నలడిగేవాడు, మీ ఇంట్లోనే అలాంటివాళ్ళు ఉంటే ఏం చేస్తారండీ అన్నాడు. నువ్వు క్షణమైనా ఆలోచించలేదు. అలాంటివాళ్ళను నా గుమ్మం తొక్కనివ్వను, చచ్చినా చూడ్డానికి వెళ్ళను అన్నావు. నవ్వుతూ అన్నావు.

ఎందుకురా అంత మాట? గోల్‌కీపరువి, రాని బంతికి దూకావు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. దేవుడి మీద భారం వేసి చొక్కా వద్దన్నావు, ఒప్పుకున్నాను. ఈ మాట ఏ దేవుడు అనమన్నాడు? నేను నేర్పిన ప్రార్థనల్లో అది లేదు.

ఆ రోజు నుంచి దాని గదిలోంచి ఉలుకూ పలుకూ లేదు. తలుపు దగ్గర పళ్ళెం పెడుతున్నాను, పెట్టింది పెట్టినట్టే ఉంటోంది. తీసేసి మళ్ళీ పెడుతున్నాను. నువ్విచ్చిన గ్లౌజులు మేకుకే వేలాడుతున్నాయి. కాలేజీ జట్టువాళ్ళు మా కీపరేదండీ అని ఫోన్ చేస్తే ఒంట్లో బాగాలేదని చెప్పాను. నాకు చాలా భయంగా ఉంది. దాని నాన్న పోయిన రోజు కూడా ఇంత భయపడలేదు.

బుధవారం నీకు మ్యాచ్ ఉంది. ఆట అవ్వగానే మైకులు నీ ముందుకొస్తాయి. అప్పుడొక్క మాట చెప్పు. ఆ చొక్కా వేసుకోనక్కర్లేదు. నీ విశ్వాసం రవ్వంత కూడా వదులుకోనక్కర్లేదు. అలాంటి బతుకు మంచిదేనని నీ నోటితో అననక్కర్లేదు. మొన్న తప్పు మాట అన్నాను, నా గుమ్మం నా వాళ్ళకెప్పుడూ తెరిచే ఉంటుంది అను, చాలు. దాని పేరెత్తొద్దు. అంత చిన్న మాటకు టీవీ ఎందుకక్కా, ఇంటికే ఫోన్ చేస్తానంటావు. ఫోన్‌లో కుదరదు తమ్ముడూ, టీవీలోనే చెప్పాలి. నిన్ను మెచ్చుకున్నవాళ్ళే రేపు పిరికివాడంటారు, ప్రార్థన మందిరంలో మొహం తిప్పుకుంటారు. తెలిసే అడుగుతున్నాను. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను, పెద్దదాన్నని చూసుకోను.

బుధవారం కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తూ,
నీ అక్క

తాజా కలం: కవరు అంటించి మళ్ళీ చించాను. పైన అబద్ధం రాయలేదు గానీ నిజం మింగేశాను. ఆ గదిలో ఎవరూ లేరు. ఆ రోజు పని నుంచి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి టీవీ మోగుతూనే ఉంది, బుడంకాయ లేదు. ఫోన్ మంచం మీదే వదిలేసి వెళ్ళింది. పెద్దపిల్లేగా, అదే వస్తుందిలెండి అంటున్నారు పోలీసులు. వస్తే తలుపు తియ్యడానికి మనిషి ఉండాలని ఇల్లు కదలడం లేదు. ఎక్కడున్నా నీ మ్యాచ్ చూడకుండా ఉండలేదు. ఏ దుకాణం ముందో, ఏ స్టేషన్‌లోనో నిలబడైనా చూస్తుంది. నా గొంతు దానికి చేరదు, నీది చేరుతుంది. చచ్చినా చూడ్డానికి రానన్నావే, ముందు ఆ మాట వెనక్కి తీసుకోరా.