పదేళ్ల అనుభవం

ఆగస్టు 11, నంద్యాల

ఇంటికొచ్చి రెండో రోజు. ఎండ మండిపోతోంది. నేను తెచ్చిన చాక్లెట్లు అమ్మ చర్చిలో పంచేసింది. అందరిదీ ఒకటే ప్రశ్న — "జపాన్లో ఏం చదువుతాండావు పాపా?" ఎకనామిక్స్ అన్నాను. డాన్స్ క్లబ్బు మాట నోటి దాకా రానివ్వలేదు. సండే స్కూలు నడిపే మాస్టారి కూతురు పరాయి దేశంలో డాన్సులాడుతోందంటే ఇంకేమైనా ఉందా...

నేను సెలవులకు వచ్చిందే ఆ డాన్సు కోసం. నాయనకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

ఆగస్టు 12

ఇక్కడైనా నిజం రాసుకోవాలి.

ఏప్రిల్‌లో క్లబ్బులో చేరిన రోజు. యూనివర్సిటీ జిమ్ములో అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టారు. ఒక్కొక్కరూ లేచి పేరు, డిపార్ట్‌మెంటు, ఎన్నేళ్ల డాన్సు అనుభవం — మూడూ చెప్పాలి. అది వాళ్ల పద్ధతి. నా పక్కన కూర్చున్న యూనా పన్నెండేళ్లు అంది. నా వంతు. ఎనిమిదో ఏట నుంచి ప్రతి క్రిస్మస్‌కూ చర్చి స్టేజీ మీద, పాటకు తగ్గట్టు చేతులాడించే యాక్షన్ సాంగ్ చేశాను కదా... మనసులో లెక్కేసి "పదేళ్లు" అన్నాను.

హాలంతా పెద్ద "ఓ..." ఇండియా అమ్మాయి! పదేళ్లు! గుడి గోడల మీద బొమ్మలు చేసే డాన్సు అనుకున్నారు. వారం తర్వాత నాకు సంగతి అర్థమైంది. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. ఆ గౌరవం బాగుండింది, అంతే. అక్కడ హాస్టల్లో, క్లాసుల్లో నన్ను పేరుతో పిలిచేవాళ్లు లేరు. క్లబ్బులో మాత్రం "గురేసు! గురేసు!" అని ఎగబడతారు. గ్రేస్ అనడం రాదు వాళ్లకు.

నవంబరులో యూనివర్సిటీ పండగ. అందులో మూడు నిమిషాల 'ఇండియా' ఐటెం. స్టెప్పులు నేనే కట్టి సెప్టెంబరు అయిదుకల్లా వీడియో పంపాలి. మధ్యలో నిలబడేది కూడా నేనే. ఆ మాట ఎవరూ అనలేదు గానీ, ఇంకెవరుంటారు?

ఆగస్టు 16

సంజీవనగర్ దగ్గర డాన్సు నేర్పే మేడం ఇంటికి వెళ్లాను. అమ్మతో జిరాక్స్ పని అని చెప్పి.

"ఎన్ని దినాలు ఉంటావ్?"

"అయిదు వారాలు మేడం."

నన్ను పై నుంచి కింది దాకా చూసింది. "అయిదు వారాల్లో నీకు మోకాళ్లు వంచి నిలబడేది కూడా రాదు. మూడు నిమిషాల ఐటెం కావల్లంటావా! పో పో, సినిమా పాట యాదన్నా చేసుకో పో."

అక్కడ ఆరేళ్ల పిల్లలు మోకాళ్లు వంచి రాయిలా నిలబడ్డారు. సిగ్గేసింది. చెప్పులు వేసుకునేటప్పుడు ఒక పిల్ల నన్ను చూసి నవ్వింది కూడా.

ఆగస్టు 17

ఫోన్లో వీడియోలు చూసి చేశాను. మోకాళ్లు పట్టేశాయి. ఇది పాపానికి శిక్షే.

ఆగస్టు 21, ఆళ్లగడ్డ

అహోబిలం బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగాను. ఇంటర్లో నా బెంచీలో కూర్చున్న లావణ్య వాళ్ల నాయన శిల్పి. నల్ల రాతిలో దేవుళ్లను, నాట్యం చేసే ఆడబొమ్మలను చెక్కుతాడు. నాకు తట్టిన ఉపాయం — డాన్సు రాకపోతే పోయె, బొమ్మలు నిలబడినట్టు నిలబడదాం. జపాన్ వాళ్లకు కావలసింది గుడి గోడలే కదా.

పది బొమ్మల ఫొటోలు తీసుకున్నాను. అద్దం చూసుకునేది. కాలికి ముల్లు తీసుకునేది. మద్దెల వాయించేది. ఒక్కోదాని ముందు నిలబడి నడుము తిప్పుతుంటే పనివాళ్లు ఉలి ఆపి మరీ చూశారు. లావణ్య పడీ పడీ నవ్వింది.

"అంకుల్, ఈ బొమ్మ అద్దం కంటే ముందు ఏం చేసింటాది? తర్వాత ఏం చేస్తాది?" అని అడిగాను.

ఆయన దుమ్ము ఊదుకున్నాడు. "నాకేం తెలుసు పాపా. మా నాయన చెక్కినట్ట నేను చెక్కుతాండా. దానికి ముందూ లేదు, ఎనకా లేదు. నడుం ఇంత వంగల్ల, చెయ్యి ఇంత లేయల్ల. అంతే."

అంతే. ఆ ముందూ వెనకా నేనే పుట్టించాలి.

ఆగస్టు 22

ఆ మేడం దగ్గరికి మళ్లీ పోయి కాళ్ల మీద పడదామా అనిపించింది. పోలేదు.

ఆగస్టు 29, నంద్యాల

సాయంత్రం మిద్దె మీద చేస్తున్నాను. నాయన నీళ్ల ట్యాంకు చూడ్డానికి పైకి వచ్చాడు. దాచుకునే వీల్లేదు. క్లబ్బు సంగతి, పండగ సంగతి చెప్పేశాను. "పదేళ్లు" సంగతి తప్ప.

నాయన ట్యాంకు మూత తీసి చూసి, మళ్లీ మూశాడు. తర్వాత — "గుళ్లో బొమ్మల ఆట మనకెందుకమ్మా?"

"చదువులో ఒక భాగం నాయనా." అబద్ధాల మీద అబద్ధం.

"సరే, చెయ్యి, చూస్తా." చేశాను. అద్దం, ముల్లు, మద్దెల... సగంలో ఆపమన్నాడు. "ఆ చేతులు మళ్లా తిప్పు." రెండు చేతులూ పైకెత్తి వేళ్లు ఆడిస్తూ కిందికి దించాను. నాయన మొహం వెలిగిపోయింది. "అది నక్షత్రం గదా! ముగ్గురు జ్ఞానుల పాటలోది. నేను నేర్పిచ్చిందే!"

నా ఒంట్లో వేరే డాన్సే లేదు. రెండు బొమ్మల మధ్య ఖాళీ వస్తే చాలు, చేతులు వాటంతటవే క్రిస్మస్ స్టేజీ ఎక్కేస్తున్నాయి. నాయన కిందికి పోయి అమ్మకు సంబరంగా చెబుతున్నాడు. నాకు మాత్రం ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

సెప్టెంబరు 3, ఆళ్లగడ్డ

షూటింగ్. సగం చెక్కిన బొమ్మల మధ్య, లావణ్య వాళ్లక్క పెళ్లి పట్టుచీరలో నేను. ఫోను లావణ్య చేతిలో. పదకొండు టేకులు. పక్కన కటింగ్ మిషన్ ఆపమంటే పనాయన ఆపలేదు. "రేపు లారీ వస్తాది పాపా, మాకేమన్నా పనిలేదా?"

లావణ్య అడిగింది — "నిజం చెప్పు, ఇది ఏం డాన్సే?"

"ఎవరికి తెలుస్తుందిలే."

అది నవ్వలేదు.

సెప్టెంబరు 6, నంద్యాల

వీడియో నిన్న పంపాను. ఇవాళ గ్రూపు నిండా చప్పట్లు. "కన్నీళ్లొచ్చాయి." "వెయ్యేళ్ల అందం." క్లబ్బు లీడర్ మిజుకి అడిగింది, వెనక వినిపించే ఆ వాయిద్యం పేరేమిటని. కటింగ్ మిషన్! ఉలి అని రాశాను.

అందరికీ ఎక్కువ నచ్చింది నక్షత్రమేనట.

నవ్వుకోవాలి నిజానికి. ఫోన్ బోర్లించి పెట్టాను.

సెప్టెంబరు 14

వాళ్ల క్లబ్బు క్యాంపు మొదలైంది. కొండల్లో ఏదో సత్రం, అయిదు రోజులు, పొద్దున అయిదింటికే ప్రాక్టీసు. జూలైలోనే అడిగాను మిజుకిని — క్యాంపుకు ఉండాలా, ఇంటికి పోవాలా అని. "ఇంటికి వెళ్లు. అసలైనది నేర్చుకుని రా" అంది. మంచి మనిషి అనుకున్నాను.

సెప్టెంబరు 17

గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. స్టేజీ మీద ఎవరు ఎక్కడ నిలబడాలో గీసిన కాగితం. పదమూడు చుక్కలు.

మధ్యలో యూనా.

నా పేరు వెతుక్కున్నాను. చివరి వరస, ఎడమ అంచు. అందరి పేర్లూ పెన్నుతో, నాది పెన్సిల్‌తో.

మిజుకికి మెసేజ్ పెట్టాను. చాలా మర్యాదగా జవాబు. క్యాంపులోనే స్థానాలు ఖాయం చేస్తారట. క్యాంపుకు రానివాళ్లకు ముందు వరసలు ఇవ్వరట. ఎప్పటి నుంచో అంతేనట. "నీకు తెలుసనుకున్నాం."

ఎవరు చెప్పారని తెలుస్తుంది! మీ కోసమే కదా ఇంత దూరం వచ్చింది. మీ కోసమే కదా ఎండలో, దుమ్ములో, అమ్మకు అబద్ధాలు చెప్పి...

సెప్టెంబరు 18

వాళ్లు నా డాన్సు తీసుకున్నారు, నన్ను అంచుకు తోశారు. ఆ మాట రాసి, మళ్లీ చదువుకుని, ఇంకా మండిపోయాను. నా డాన్సా? ఏది నాది? అయినా మంట చల్లారడం లేదు.

అమ్మ — "ఏందే ఆ మొగం? ఎవరేమన్న్యారు?"

ఏం లేదన్నాను.

సెప్టెంబరు 20

మధ్యాహ్నం మూడింటికి వీడియో కాల్. "తప్పులుంటే దిద్దు గురేసు" అని పిలిచారు. ముందు గదిలో కూర్చున్నాను. నాయన పక్కనే పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాడు.

పన్నెండు మంది చేశారు. నేల మీద ఎవరి చోటు వాళ్లకు రంగు టేపు అతికించి ఉంది. యూనా మధ్యలో. మోకాళ్లకు పట్టీలు. అద్దం బొమ్మలా నిలబడింది చూడు... ఆళ్లగడ్డలో ఆ రాయి నిలబడినట్టే నిలబడింది. నాకంటే బాగా. వంద రెట్లు బాగా. లైబ్రరీ గాజు గోడ ముందు ఏప్రిల్ నుంచి నాకు ఒక్కో స్టెప్పూ ఓపిగ్గా నేర్పింది ఆ పిల్లే. వర్షం పడితే తన గొడుగు నాకిచ్చి తడుస్తూ పోయింది ఒకసారి.

అయిపోయాక అందరూ చేతులు కట్టుకుని నా వైపు చూశారు. తప్పులేమిటో చెప్పమని.

జపనీసులోనే చెప్పాను. "స్టెప్పులన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్కటే తప్పు. మా సంప్రదాయంలో నేర్పినవాళ్లే మధ్యలో నిలబడాలి. లేకపోతే ఆ నాట్యానికి అవమానం."

ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట.

అటు అందరూ గతుక్కుమన్నారు. మిజుకి రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి వంగి క్షమాపణ అడిగింది. యూనా కిందికి వంగి మధ్యలో టేపు గోటితో గీకి తీసింది. పోయి చివరి వరస ఎడమ అంచున అతికించుకుంది. అతుక్కోలేదు, రెండోసారి కాలితో నొక్కింది.

కాల్ అయిపోయాక నాయన తలెత్తాడు. "ఏమంటాండారు మీవాళ్లు?"

"నన్నే మధ్యలో నిలబడమంటున్నారు నాయనా."

"మరి! పదేండ్లు నేను నేర్పిచ్చింది ఊరికే పోతాదా?" పేపర్లు పక్కన పెట్టి అమ్మను కేకేశాడు. "వింటివా? మన పాప మధ్యలోనంట!" ఆదివారం సండే స్కూల్లో పిల్లలకు చెబుతాడట.

సెప్టెంబరు 21

ఎల్లుండి ప్రయాణం. అమ్మ కారప్పొడి మూటలు కడుతోంది. ఇంకో బ్యాగు కావాలంటోంది.

పొద్దున యూనా మెసేజ్, నాకొక్కదానికే.

"మీ సంప్రదాయం ముందే అడిగి తెలుసుకోవాల్సింది. నీ చోట నిలబడినందుకు క్షమించు. అయిదు రోజులూ బాగా సంతోషంగా చేశాను, అందుకే ఇంకా సిగ్గుగా ఉంది. వెనక నిలబడేవాళ్లు ఎటు చూడాలి? నేర్పినవాళ్ల వైపా, ముందుకా? మీ పద్ధతి ఏదైతే అదే చేస్తాను."

నాలుగుసార్లు చదివాను. పొద్దున్నుంచీ ఆ మెసేజ్ తెరవడం, మూయడం. ఇప్పుడు అక్కడ సాయంత్రమై ఉంటుంది. ప్రాక్టీసుకు బయల్దేరే వేళ.

ఎటు చూడమని చెప్పాలి...