తోమిన వీపు

గని క్యాంపు, పెన్సిల్వేనియా
మార్చి, 1889

అక్కా,

బొగ్గుగనిలో కప్పు కూలి మా ఆయన గ్విలిమ్ చిక్కుకున్న సంగతి నీదాకా వచ్చే ఉంటుంది. కాలు విరిగింది, అంతే. తప్పు మాత్రం నాదేనని అత్తగారు క్యాంపంతా చెబుతోంది.

ఇక్కడి మగవాళ్ళు రోజూ ఒళ్ళు కడుక్కుంటారు గానీ వీపు జోలికి పోరు. కడిగితే నడుం బలం పోతుందట. పొలాల్లో పెరిగినదాన్ని, నాకేం తెలుసు? దుప్పట్లు నల్లబడటం చూడలేక ఆదివారం నువ్వు పంపిన సబ్బుతో ఆయన వీపు బరబరా తోమేశాను. "వాడి నడుం విరిచావు కదే!" అంటూ అత్తగారు పొయ్యి దగ్గరే కూలబడింది. సోమవారం పనిలోకి దిగి, ఉక్కకు చొక్కా విప్పాడో లేదో, కప్పు కూలింది. అప్పటినుంచి ఆవిడ నాతో మాట్లాడలేదు.

నిన్న, ఆయన్ని తవ్వి తీసిన ముసలి ఎవాన్ చూడటానికి వచ్చాడు. "ఎటు చూసినా బొగ్గేనమ్మాయ్. ఇక లాభం లేదనుకున్నాం. ఆ నలుపులో తెల్లగా ఏదో మెరిసింది. చూస్తే నీ మొగుడి వీపు!" అన్నాడు.

సాయంత్రం మా మరిది పని నుంచి రాగానే అత్తగారే నీళ్ళు కాచి, "చొక్కా విప్పి అటు తిరగరా," అంది.

ఈసారి సబ్బు కాస్త ఎక్కువ పంపు అక్కా. మరిది వీపు చాలా పెద్దది.

నీ చెల్లెలు