కాచిన వైన్

వదిన గారికి నమస్కారాలు.

ఈసారి పుప్పాలగూడలో చలి ఎక్కువగా ఉంది. మొన్న ఆదివారం నా ఆఫీసు స్నేహితులు వస్తే, ఎర్ర వైన్‌లో దాల్చినచెక్క, లవంగాలు, నారింజ తొక్కలు వేసి కాచాను. మరిగితే మత్తు పోతుందనుకున్నాను. మీ తమ్ముడు తాగుడు మానేసి అప్పటికి పదకొండు నెలలు. వంటింట్లోకి వచ్చి, "వాసన బాగుందే, నాకూ ఒక కప్పు ఇవ్వవా?" అని అడిగారు. హాల్లో అందరూ వింటుంటే కాదనలేకపోయాను.

మర్నాటి నుంచి ఆయన ఆఫీసుకు వెళ్లడం లేదు. ఇంట్లోకి మళ్లీ సీసాలు వచ్చాయి. నిన్న మీరు ఫోన్ చేసినప్పుడు ఆయనకు జ్వరమని అబద్ధం చెప్పాను. ఒక్కసారి రండి వదినా. ఆయన్ని మాత్రం తిట్టకండి. రోజూ పొద్దున్నే లేచి, తప్పంతా తనదేనని నాకే క్షమాపణ చెబుతున్నారు.

మీ మరదలు