పలువురిలో నాన్న

ఆదివారం, మధ్యాహ్నం

అన్నయ్యకు,

చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. అమ్మా నేనూ క్షేమం. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎప్పటిలాగే ఉన్నాయి. నువ్వూ కులాసాగానే ఉన్నావని తలుస్తాను. మొన్నటిదాకా ఎవరైనా రాసి దిద్దగల ఆ ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో చురుగ్గానే ఉన్నావు కదా.

ఉలిక్కిపడకు. ‘నిష్పక్షపాతి’ అనే ముసుగు పేరుతో మీ మంత్రిగారి పేజీని దిద్దుతున్నది నువ్వేనని నాకు తెలిసిపోయింది. ఆయన ప్రచార కార్యాలయంలో జీతం తీసుకుంటూ, పేరు మాత్రం భలే ఏరుకున్నావు!

మొదట నేను రాసిందీ న్యాయంగా లేదులే. బస్టాండు కప్పు కూలిన సంగతి ఆ పేజీలో ఎక్కడా లేదని చూసి ఒళ్ళు మండింది. ప్రారంభోత్సవం తొందరలో కప్పు కింద ఆసరాగా నిలిపిన సెంట్రింగ్ కర్రలు ముందే ఊడబెరికించి జనాన్ని పొట్టన పెట్టుకున్నాడని రాసిపారేశాను. ఆ పేజీలను చూసుకునే పెద్దాయన రిటైరైన లైబ్రేరియన్ అట. చర్చా పేజీలో నాకు మెత్తగానే చీవాట్లు పెట్టారు. నీ కోపం ఇక్కడ చెల్లదమ్మా, అచ్చులో ఏముందో అది చూపించు అన్నారు. పాత పేపరు కటింగు చూపించాను. ఆయనే వాక్యం సరిచేశారు: ‘ఆయన మంత్రిగా ఉన్నప్పుడు కొత్త బస్టాండు కప్పు కూలి పలువురు మరణించారు.’ చప్పగా ఉంది, కానీ నిజం. ఆ పలువురిలో నాన్న ఉన్నాడు. నాకది చాలు.

నీకు చాలలేదు. వారం తిరక్కుండానే ‘పలువురు’ పోయి ‘కొందరు’ వచ్చింది. తర్వాత ‘మరణించారు’ పోయి ‘ప్రమాదం జరిగింది’ అయింది. ఆ పైన ‘ఒక సంఘటన’. చివరికి అదీ లేదు. మనిషి ఒక్కసారే పోతాడనుకున్నాను. నాన్న నా కళ్ళముందే ఒక్కో మాటా పోతూ పోతూ పోయాడు.

నీ వాదన గట్టిదే. ఆ పేపరు ఎదుటి పార్టీ వాళ్ళది, మంత్రి గురించి నిజం రాస్తుందని నమ్మకమేమిటి అన్నావు. నిజమే, మరే పేపరూ ఆ వార్త వేయలేదు. ఎందుకు వేయలేదో నువ్వు చెప్పలేదు, నేను నిరూపించలేను. అక్కడితో ఊరుకుంటే గెలిచేవాడివి. కానీ చిన్నప్పటి నుంచీ నీకు చివరి మాట నీదే కావాలి. చనిపోయినవాళ్ళలో ఒక కండక్టరు డ్యూటీ దిగి బయటికొచ్చేసి, మరిచిపోయిన కళ్ళజోడు కోసం మళ్ళీ లోపలికి వెళ్ళాడు, దానికి మంత్రి ఏం చేస్తాడు అని రాశావు.

అన్నయ్యా, నాన్న కళ్ళజోడు సంగతి ఏ పేపరూ రాయలేదు. ఆ రోజు నాన్న బస్సు నడిపే డ్రైవరు బాబాయి మన గుమ్మంలో కూలబడి మన ముగ్గురికే చెప్పాడు. ఆయనా ఇప్పుడు లేడు. అది చదివాకే నిన్ను గుర్తుపట్టాను.

అమ్మ సంగతి విను. కుట్టుమిషను తొక్కుతూనే, ఉందా ఆ ముక్క, పీకేశారా అని రోజూ అడిగేది. తీసేశారమ్మా అంటే, ఎవడే వాడు, వాడి చేతులు పడిపోను, వాడికి తండ్రి లేడా అనేది. నువ్వేనని తెలిశాక వినలేక, అలా అనకమ్మా అన్నాను. ఇంతకీ నువ్వెవరి పక్షమే అని నామీద ఎగిరింది.

లైబ్రేరియన్ గారూ పట్టేశారు. ఈ కళ్ళజోడు మాట మీకెలా తెలుసని నిన్ను అడిగారు. నువ్వు మళ్ళీ ఆ పేజీ ముఖం చూడలేదు. అప్పుడు నన్ను విడిగా అడిగారు, ఈయనెవరో నీకు తెలుసా అని. మంత్రి దగ్గర జీతం తీసుకునే మనిషైతే అభ్యంతరం కొట్టేస్తారట, వాక్యం నిలుస్తుందట. బయటి మనిషైతే ఒక్క పార్టీ పేపరును నమ్ముకుని ఉంచలేరట.

నేను చెబితే నీ పరువూ పోతుంది, ఉద్యోగమూ పోతుంది. అయినా చెప్పాలనే ఉంది. నువ్వే ఒప్పుకో. ఆ వాక్యాన్ని నీ చేత్తోనే తిరిగి పెట్టు. వచ్చే ఆదివారం దాకా చూస్తాను. ఆ తర్వాత నన్ను అనొద్దు.

ఇట్లు,
నువ్వు పెట్టిన పేరే,
తగువులమారి

తా.క. ఆదివారం దాకా చూస్తానన్నది ఉత్త బెదిరింపు. నీ అంతట నువ్వే చెప్పుకుంటావేమోనని ఆశపడి రాశాను. లైబ్రేరియన్ గారికి జవాబు నిన్ననే పంపేశాను, ఆ నిష్పక్షపాతి ఎవరో నాకు తెలియదని. మొన్న నేను స్నానానికి వెళ్ళినప్పుడు అమ్మ పక్కింటి టీచరమ్మ చేత నా ఫోనులో ఆ చర్చంతా చదివించుకుంది. నేను వచ్చేసరికి మిషను ఆగి ఉంది. కళ్ళజోడు ముక్క మాత్రం రెండుసార్లు చదివించుకుందట. నన్ను చూడగానే, మనకి తెలీదని చెప్పెయ్యవే, ఉన్నవాణ్ణి కూడా పోగొట్టుకోలేను అంది. నువ్వొచ్చినప్పుడు నిన్ను ఒక్క మాట కూడా అడగొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది. అందుకే అడగాల్సినవన్నీ ముందే రాసేశాను. రా.