ఆఫీసరు తాగిన టీ

గౌరక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఒడిశా రాయగడలో మన సెక్స్ వర్కర్ల సంఘం గదికి, నీ ఫోటోకి దండ వెయ్యడానికి పెద్దాఫీసరే వచ్చాడు. నవ్వకు. మన తెలుగాయనే. తాతలు జమీందారీ ఎస్టేటులో దివాన్లని రాగానే చెప్పుకున్నాడు. మన గదుల మీదికి పోలీసుల్ని తోలి, వద్దు మొర్రో అంటున్న ఆడవాళ్లను ఉద్ధరణ పేరుతో సర్కారు హోములో పడేయించిన మహానుభావుడు ఆయనే. వాళ్లను విడిపించమని నువ్వు వెళ్తే గుమ్మం బయటే నిలబెట్టాడు. ఇవాళ నీకు వంగి వంగి దండం పెట్టాడు. ఫోటో ఎదురు ప్రశ్న వెయ్యదుగా!

ఇక్కడికి ఎవరొచ్చినా మన గ్లాసుతో టీ తాగాకే మాట్లాడాలని నువ్వు పెట్టిన రూలు ఇంకా నడుస్తోంది. పైడమ్మ స్టీలు గ్లాసు అందించింది. "షుగరమ్మా" అంటూ ఆయన సంచీలోంచి నీళ్ల సీసా తీశాడు. తన ఆఫీసువాళ్లు తెచ్చిన లడ్డూలు అప్పటిదాకా తిన్న నోటితోనే!

పైడమ్మ మైకు లాగేసుకుంది. "పంచదార ఎయ్యనేదు బాబూ. మా గౌరక్క రూలిది. టీ తాగనోల్లకి మైకు నేదు."

పేపరువాళ్లు చూస్తున్నారు. కళ్లు మూసుకుని ఆముదంలా మింగాడు. తర్వాత కుట్టుమిషన్లిస్తానని ఏదో వాగాడు, హోము ఊసే ఎత్తలేదు.

ఆయన ఇంకా మాట్లాడుతుండగానే, ఆయనకు కనబడేలా కూర్చుని పైడమ్మ ఆ గ్లాసును బూడిదేసి తోమింది, మళ్లీ సబ్బేసి తోమింది.

"ఎందుకే అంత తోముడు?" అన్నాను.

"రేపు మనోల్లు తాగాల కదేటి" అంది.

ఆరాక కూడా దాన్ని, నీ ఫోటో ముందు పెట్టుకున్న నీ గ్లాసు పక్కన పెట్టలేదు.