తొమ్మిది తులాలు చాలు

దార్సైట్,
14 అక్టోబరు 1992, బుధవారం.

ఈరోజు పనులు: బట్టలు ఉతికి మిద్దెమీద ఆరేశాను. బియ్యం ఏరాను. గ్యాస్ బండ మార్పించాను. ఆయనకు రెండుసార్లు గంజి ఇచ్చాను, ఒకసారి తాగారు.

అక్కా, నమస్కారం. ప్రొద్దుటూరులో నువ్వూ బావా పిల్లలూ బాగున్నారని తలుస్తాను. మా క్షేమం సంగతి కింద రాస్తాను. నువ్వడిగినవాటికి వరుసగా జవాబు చెప్పుకుంటూ వస్తే నాకు తేలిక.

గొలుసు అందింది. ఖాదర్‌వలి ఊళ్లో సెలవు ముగించుకుని ఇక్కడ దిగిన రోజే తెచ్చి ఇచ్చాడు. "మీ అక్క నాతో మూడుసార్లు ఒట్టేయించుకుందమ్మా, నా మొగం అంత దొంగ మొగమా?" అని నవ్వించి పోయాడు.

బంగారం జమ నియమాలు అడిగావు. ఇక్కడి ముత్రా బజారులో ఒక సేఠ్, మాలాగా పరదేశంలో కొలువు చేసేవాళ్ల ముసలితనం కోసం పెట్టిన పద్ధతి అది. మన బంగారం ఆయన దగ్గర ఉంచితే, ఇక్కడి కొలువు ముగిశాక నెలనెలా ఊరికి డబ్బు పంపుతాడు. ఒక్కరి పేరున అయితే కనీసం ఎనిమిది తులాలు ఉండాలి, వచ్చే డబ్బు ఆ మనిషితోనే ఆగిపోతుంది. భార్యాభర్తలకు జోడీగా అయితే పది, ఇద్దరిలో చివరివాళ్లు ఉన్నంతకాలం వస్తుంది. ఒకసారి సంతకం పడితే మధ్యలో వెనక్కి ఇవ్వడు. పిల్లలు లేనివాళ్లం, మాకు జోడీయే కావాలి. మా దగ్గర తొమ్మిదే ఉన్నాయి. అందుకే పదో తులం నిన్నడిగాను.

మీ మరిది దగ్గు తగ్గిందా అని అడిగావు. సైట్‌లో సిమెంటు దుమ్మువల్ల అని ఆయన చెప్పారు. నేను నమ్మి మిరియాల కషాయం కాస్తూ వచ్చాను.

పోయిన గురువారం సేఠ్ దగ్గరికి వెళ్లాం. జోడీయే కదా అని సేఠ్ కాగితం తీశాడు. మీ మరిది తల అడ్డంగా ఊపి, ఒక్కరికే రాయమన్నారు, నా పేరున. అక్క సొమ్ము తీసుకోవడం నామోషీ అనుకున్నారేమోనని, నేను నీ గొలుసు తక్కెట్లో వేశాను. ఆయన దాన్ని తీసి నా చేతిలో పెట్టారు.

"అక్క మెడలోది అక్కకే పంపు సుభద్రా."

"పది లేకుంటే ఇద్దరికీ రాదు గదా" అన్నాను.

"నీ ఒక్కదానికి తొమ్మిది చాలు. ఇంగా తులం ఎక్కువే. లెక్కల్లో తప్పవు గదా నువ్వు, చూసుకో."

"మరి మీకో?"

"సంతకం పెట్టు. బయట చెప్తా."

పెట్టాను. సేఠ్ మా ఇద్దరి వైపూ చూడకుండా తక్కెడ తుడుస్తూ కూర్చున్నాడు.

టాక్సీల దగ్గర నిలబడి చెప్పారు. ఊపిరితిత్తులు చెడిపోయాయని వేసవిలోనే డాక్టరు చెప్పాడట. వచ్చే వేసవి చూడడం కష్టమన్నాడట. నాకు తెలిస్తే బంగారమంతా ఆసుపత్రి ఖర్చులకు అమ్మేస్తానని దాచారట. అమ్మేదాన్నే అక్కా. ఇప్పుడైనా అమ్ముతానని అక్కడే అన్నాను. సంతకం పడింది కదా, ఇక తీయలేవన్నట్టు ఆయన నా వైపు చూసిన చూపు, పేకాటలో గెలిచిన మనిషి చూపులా ఉంది. ఇన్నేళ్లలో నా మీద ఆయన ఏ విషయంలోనూ గెలవలేదు.

నీకు రాయొద్దన్నారు. రాస్తున్నాను. నెలాఖరుకు ఇద్దరం వచ్చేస్తున్నాం. ఆయన ముందు ఏడవొద్దు. కషాయం ఇంకా కాస్తున్నాను. పనిచేయదని తెలిసీ ఆయన తాగుతున్నారు, నేను గ్లాసు కడిగి బోర్లిస్తున్నాను.

పై ఇంటి హసీనా తన చెల్లెలి పెళ్లికి రేపు ఊరికి బయల్దేరుతోంది. ఈ ఉత్తరమూ గొలుసూ ఆమె చేతికే ఇస్తున్నాను. దయచేసి ఆమెతో ఒట్లు వేయించకు.

ఇట్లు,
నీ చెల్లెలు
సుభద్ర

అక్క దగ్గర తీసుకున్నది: తులం గొలుసు. కరిగించలేదు. బాకీ తీరింది.