దండెం మీది కాపురాలు

ఫిబ్రవరి 3

మళ్లీ షార్ట్ సర్క్యూటట!

నిన్న కాలిన ఇంటికి మీటరే లేదు. ఇంటివాళ్లు వెళ్లిపోయిన నెలలోనే కరెంటు వాళ్లొచ్చి వైరు కత్తిరించి, చుట్ట చుట్టుకుని పట్టుకుపోయారు. వైరు లేని ఇంట్లో కరెంటు ఏ దారిన వచ్చిందని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి అడిగాను. మీరు ప్రతిదాన్నీ రాజకీయం చేస్తారు మేడం అన్నాడు క్లర్కు, తల కూడా ఎత్తకుండా. చేస్తాను. ఇల్లు తగలబడితే అది ప్రకృతి సహజం, ఎందుకు తగలబడిందని అడిగితే రాజకీయం!

ఇది తెలుసుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. మిల్లు మూతపడింది. ఈ వీధి ఇళ్లన్నీ మిల్లులో పనిచేసినవాళ్లు కొనుక్కున్నవి. పని వెతుక్కుంటూ ఒక్కొక్కరే తాళాలు వేసి వెళ్లిపోయారు. తాళం వేసినంత మాత్రాన ఇల్లు ఇల్లు కాకుండా పోదు, దాన్ని ఎవరూ ముట్టుకోలేరు. కాలిన ఇల్లు మాత్రం 'ప్రమాదకర కట్టడం'. వారం తిరక్కుండా బుల్డోజర్ వస్తుంది. ఎక్కడో దూరాన ఉన్న ఇంటాయన, ఇక మొండి గోడలతో నాకేం పని అని సంతకం పెట్టేస్తాడు. మిల్లు స్థలం కొన్న కంపెనీ కంచె ఇంకాస్త ఇటు జరుగుతుంది. ఎవరు అంటిస్తున్నారో నేను చూడలేదు. ఎవరికి కలిసొస్తోందో రోజూ చూస్తున్నాను.

ఫిబ్రవరి 5

ఎడిటర్ ఫోన్ చేశాడు. వ్యాసం ఘాటుగా బాగుందట, కానీ రెండో వైపు వాదన కూడా ఉండాలట. రెండో వైపంటే నిప్పు వైపా అని అడిగాను. పెట్టేశాడు.

ఆ తర్వాత రోజంతా నోరు విప్పే అవసరం రాలేదు. సాయంత్రం టీ పెట్టుకుంటూ దగ్గాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

ఫిబ్రవరి 9

పక్కింటి ఫిట్టర్ భార్య కూడా వెళ్లిపోయింది, కూతురి దగ్గరికి. తాళం చెవి నా చేతిలో పెట్టి, వాళ్లు ఖాళీ ఇళ్లనే చూస్తున్నారు వదినా, మనుషులున్న ఇంటి జోలికి రావడం లేదు, నా దుప్పటి ఒకటి రోజూ దండెం మీద వేసి తీస్తూ ఉండు, నేనున్నట్టే ఉంటుంది అంది. నువ్వున్నట్టు ఉండాలంటే దుప్పటి ఒక్కటే చాలదు, పొద్దున్నే పిట్టగోడ దగ్గర నిలబడి నన్ను నాలుగు తిట్టాలి కూడా అన్నాను. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఆటో మలుపు తిరిగేదాకా చూశాను. ఇక ఈ వీధిలో మిగిలింది నేనూ, దర్జీ బాబాయీ.

ఫిబ్రవరి 16

దుప్పటి ఆరేస్తుంటే తట్టింది. ఒక్క ఇంటికే ఎందుకు?

నా దగ్గర అన్ని బట్టలెక్కడివి? దర్జీ బాబాయి కొట్టుకు వెళ్లాను. కొట్టు, ఇల్లు ఒకటే ఆయనకు. కుట్టు మిషను వెనక బీరువా తెరిచి చూపించాడు. కొలతలిచ్చి, తీసుకోకుండానే ఊరొదిలిపోయిన వాళ్ల బట్టలు. చొక్కాలు, ప్యాంట్లు, పిల్లల గౌన్లు, ఒక స్కూలు యూనిఫాం. ఎన్నాళ్లని దాస్తావు బాబాయ్ అంటే, కుట్టిన బట్ట మనిషి వేసుకునే దాకా నాది కాదు, వాడిదీ కాదు, నేనేం చేయను అన్నాడు. పట్టుకుపో, కాలర్లు మాత్రం నలపకు, వస్తే నాతో గొడవ పెట్టుకుంటారు అని కూడా అన్నాడు.

మూల ఇంటికి తెల్ల చొక్కా, ఖాకీ ప్యాంటు. దాని పక్కింటికి తువ్వాళ్లు. వీధి చివరింటికి పసుపు గౌను, మెడ దగ్గర కుచ్చులున్నది. బాబాయి వెనకాలే వచ్చి చూసి, ఇదేం న్యాయమే, ఆ ఇంట్లో ఉండేవాడు బ్రహ్మచారి కదా అన్నాడు. పెళ్లయింది, పాప కూడా పుట్టింది, నీకు కబురు పెట్టలేదా అన్నాను. నన్నెవరు పిలుస్తారే, మర్యాద లేని వీధి అని మూతి ముడుచుకున్నాడు. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. నేను అలా నవ్వి ఎంతకాలమైందో.

ఫిబ్రవరి 24

పొద్దున ఆరేయడం, సాయంత్రం తీయడం, మధ్యమధ్య మార్చడం. తెల్ల చొక్కాయన వారంలో ఒకరోజు సెలవు పెడతాడు. తువ్వాళ్ల ఇంటావిడకు శుభ్రం ఎక్కువ. చివరింటి పాప గౌను మురికి చేసుకుంటుంది, అందుకని నేనే కాస్త మట్టి రాసి, ఉతికి ఆరేస్తాను. ఇదంతా ఎవరికీ చెప్పుకునేది కాదు. పోరాటం అని వ్యాసాల్లో రాసే మాట ఇంత చిన్న పనిలో ఉంటుందని ఇన్నేళ్లు నాకు తెలియదు.

మార్చి 2

పై వీధిలో రెండిళ్లు కాలాయి. మా వీధిలో ఒక్కటీ లేదు.

తమ్ముడు ఫోన్. అక్కా, ఆ బూడిదలో ఎవరున్నారని వేలాడుతున్నావు, మా ఇంట్లో గది ఖాళీగా ఉంది అన్నాడు. మా వీధి నిండా జనమేరా, ఆరేసిన బట్టలే సాక్ష్యం అన్నాను. నీతో మాట్లాడటం కంటే గోడతో మాట్లాడటం నయం అన్నాడు. గోడతోనే మాట్లాడుతున్నాను, అది నీకంటే బాగా వింటుంది అన్నాను. గెలిచాననుకుని ఫోన్ పెట్టేశాను. గెలిచి ఏం చేసుకోవాలో తెలియలేదు.

మార్చి 11

ఇవాళ రాయలేను.

మార్చి 12

పేపర్లో రెండు లైన్లు వచ్చాయి. ఖాళీ ఇంట్లో మంటలు, ఫైర్‌మన్‌కు తీవ్ర గాయాలు. ఆకతాయిల పని అని అనుమానం.

మార్చి 14, మధ్యాహ్నం

రాయాలి. నేను రాయకపోతే ఇది జరిగినట్టు ఎక్కడా ఉండదు.

పదకొండో తేదీ సాయంత్రం, ఇంకా వెలుగుండగానే. పై వీధిలో అంటుకున్న ఇంటి నుంచి మంట మా వీధి చివరింటి కప్పుకు పాకింది. దగ్గరి ఫైర్ స్టేషన్ ఎత్తేశారు కాబట్టి ఇంజిన్ ఊరు చుట్టి వచ్చింది. స్టేషన్ ఎత్తేయడం గురించి నేను రాసిన వ్యాసాలు ఒక కట్ట ఉన్నాయి. ఆ కట్ట నెత్తిన పెట్టుకుని ఊరేగాలి నేను.

ఇంజిన్ దిగిన కుర్రాడు, ముప్పై ఉంటాయేమో, లోపల ఎవరైనా ఉన్నారా అని అరిచాడు. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. మలుపులో కంపెనీ వాచ్‌మన్ సైకిల్‌కి ఆనుకుని చూస్తున్నాడు. లేరు అనాలి. ఒక్క మాట. ఆ మాట అంటే ఆ ఇల్లొక్కటే కాదు, వీధి మొత్తం నాటకమని వాడి చెవిన వేసినట్టే. ఒక్క ఊపిరి సేపు ఆగాను. ఆ ఊపిరిలో అతను దండెం మీద పసుపు గౌను చూశాడు. లోపలికి వెళ్లిపోయాడు.

దగ్గుతూ ఒట్టి చేతులతో బయటికొచ్చాడు. అప్పుడు అరిచాను, ఎవరూ లేరు బాబూ, ఎవరూ లేరు అని. నా వైపు చూశాడు. గౌను వైపు చూశాడు. గౌనునే నమ్మాడు. నేను ఇంకా అరుస్తుండగానే రెండోసారి వెళ్లాడు. దూలం అప్పుడు పడింది.

మార్చి 17

ఆసుపత్రికి వెళ్లాను. ఆ కుర్రాడికి రెండు చేతులూ మోచేతుల దాకా కట్లు. పక్కన వాళ్లమ్మ. పగలూ రాత్రీ పాప పాప అంటున్నాడమ్మా, పాపేం లేదురా అంటే నా మనసు కోసం అబద్ధం చెబుతున్నారంటాడు, ఏడుపు విన్నానంటాడు అంది.

అతను కళ్లు తెరిచి నన్ను పోల్చుకున్నాడు. మీరు ఆ వీధి వాళ్లే కదా మేడం, పాప ఎలా ఉంది అని అడిగాడు.

బాగుంది అన్నాను.

ఎలా వచ్చిందో ఆ మాట! జీవితమంతా అబద్ధాల మీద విరుచుకుపడ్డ నోరు ఇది. అతని ముఖం తేటపడింది. వాళ్లమ్మ నా చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది.

మార్చి 20

వాళ్లమ్మ ఫోన్ చేసింది. అన్నం తింటున్నాడట. ఒక్కసారి పాపను తీసుకొచ్చి చూపించమంటున్నాడట, దూరం నుంచైనా చాలట.

మార్చి 22

చెప్పేశాను.

గౌను ఎవరు కుట్టారో, ఎవరు తీసుకోలేదో, మట్టి ఎవరు రాశారో, ఏ క్లిప్పులు పెట్టానో, అన్నీ చెప్పాను. ఇంత వివరం చెబితే తప్ప నమ్మడనిపించింది. వాళ్లమ్మ లేచి నిలబడింది. నా కొడుకు చేతులు నీ గౌనుకు పెట్టుబడా, బయటికి నడువు అంది. ఆవిడను నేను తప్పు పట్టను. అతనే, ఉండమ్మా అన్నాడు. అయితే ఏడవలేదన్నమాట ఎవరూ, అన్నాడు. ఎవరూ ఏడవలేదు నాన్నా అన్నాను.

తర్వాత అడిగాడు, ఇంకా ఇళ్లకు కట్టారా ఇలా అని. కట్టానన్నాను. తీసెయ్యండి, మా వాళ్లు మళ్లీ వస్తారు, మేం లోపలికి వెళ్లేది గుమ్మం ముందు చెప్పులు చూసి, దండెం మీద బట్టలు చూసే కదా మేడం, ఇంకేం చూసి వెళ్లాలి అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే జవాబు చెప్పేదాన్ని.

మార్చి 23

దోషి అంటించినవాడే. అంటించమన్నవాడే. స్టేషన్ ఎత్తేసినవాడే. ఇది ఎవరి ముందైనా వాదిస్తాను, రేపు కోర్టులో అడిగినా ఇదే చెబుతాను. బట్టలు తీసేస్తే వీధిని వాళ్ల చేతికి పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే అని కూడా వాదిస్తాను.

అంతా నిజమే. కానీ ఈ వాదనలో ఎటు తిప్పినా ఆ కుర్రాడి చేతులు దూరడం లేదు.

మార్చి 24

అన్నీ తీసేశాను. ఉతికి, మడిచి, దర్జీ బాబాయికి ఇచ్చాను. ఆయన ఒక్కొక్క కాలరూ సరిచూసుకుని బీరువాలో పెట్టాడు. చివరికి, అయితే నేనూ పోతానే, అటూ ఇటూ ఖాళీ ఇళ్ల మధ్య ఎలా నిద్రపట్టేది, ఇన్నాళ్లూ ఆ తువ్వాళ్లు చూసుకునే పడుకున్నాను అన్నాడు. అవి నేను ఆరేసినవే కదా బాబాయ్, నీకు తెలుసు కదా అన్నాను. తెలిస్తే ఏం, కంటికి ఆనాయి కదా అన్నాడు.

మార్చి 26

మిషను ఆటోలో కట్టుకుని వెళ్లిపోయాడు, అన్న కొడుకు దగ్గరికి. బీరువా తాళం చెవి నాకిచ్చాడు. బట్టల వాళ్లొస్తే ఇచ్చెయ్యి అన్నాడు. ఎవరొస్తారని నేను అడగలేదు. నువ్వూ రావే పిచ్చిదానా, కొట్లాడటానికి అక్కడా దొరుకుతారు జనం అన్నాడు. వెళ్లొచ్చు. వెళ్తే ఈ వీధి ఖాళీ అన్నది నిజమైపోతుంది. ఉన్నది నేనొక్కదాన్నే. ఇంకెవరో ఉన్నట్టు నటించి చూశాం. ఇక ఉన్నవాళ్లం ఉన్నట్టే ఉండాలి.

మార్చి 28

బట్టలు లేకపోయినా ఫైర్ వాళ్లకు అనుమానం పోదు. గుమ్మంలో ఏ పాత చెప్పో, కిటికీలో ఏ గుడ్డపీలికో కనిపిస్తే మళ్లీ దూకుతారు. ఎర్ర రంగు, వెడల్పు కుంచె కొన్నాను. ప్రతి తలుపు మీదా, ఇంజిన్ మీద నుంచి కనిపించేంత అక్షరాలతో, లోపల ఎవరూ లేరు అని రాశాను. ఫిట్టర్ ఇంటి మీద. మూల ఇంటి మీద. దర్జీ కొట్టు మీద. వాచ్‌మన్ సైకిల్ దిగి అన్నీ చదువుకున్నాడు. చదువుకోనీ.

మా తలుపు దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆ మాటలే రాయబోయింది. ఆపి, లోపల ఉన్నాను అని రాశాను.

తలుపు తీసుకుని లోపలికి వచ్చి చూశాను. ఉన్నాను.